ఎండను ఇంటి బయటే ఆపుదాం



ఎండాకాలంలో పొద్దు గూకినా డాబా ఇల్లు చల్లబడదు. ఫ్యాను వేస్తే వేడిగాలే వస్తుంది. పసిపిల్లలు నిద్రపట్టక ఏడుస్తారు. ముసలివాళ్ళు సొమ్మసిల్లిపోతారు. ఎందుకిలా?

పగలంతా డాబా మీద ఎండ పడుతుంది. స్లాబు ఆ వేడిని పీల్చుకుంటుంది. రాత్రి మెల్లగా ఇంట్లోకి వదులుతుంది. పొయ్యి ఆర్పినా పెనం వేడిగానే ఉంటుంది కదా! ఇదీ అంతే.

నల్లని వస్తువు ఎండను పీల్చుకుంటుంది. తెల్లని వస్తువు ఎండను వెనక్కి పంపుతుంది. అందుకే డాబా పైన తెల్లసున్నం వెయ్యాలి. పడమటి గోడకు బయటివైపు కూడా వేస్తే మంచిది. లోపలి గోడలకు వేస్తే ఇల్లు అందంగా ఉంటుంది. కానీ వేడి ఆగదు.

ఎలా వెయ్యాలి?

1. డాబా ఊడ్చి, కడిగి ఆరనివ్వాలి.

2. పగుళ్ళను సిమెంటుతో పూడ్చాలి. సున్నం పగుళ్ళను మూయదు. వదిలేస్తే వాననీళ్ళు దిగుతాయి. లోపలి ఇనుము తుప్పు పడుతుంది. పెచ్చులు ఊడతాయి.

3. తడిపి చల్లారిన సున్నాన్ని పలచని గుడ్డలో వడకట్టాలి. కాస్త జిగురు కలపాలి. రంగుల కొట్టులో అడిగితే ఇస్తారు.

4. కుంచెతో ఒక పూత వెయ్యాలి. ఆరాక రెండో పూత వెయ్యాలి.

వానలకు సున్నం పోతుంది. కాబట్టి ఏటా శివరాత్రి వెళ్ళగానే మళ్ళీ వేసుకోవాలి.

జాగ్రత్త!

రాయిసున్నంలో నీళ్ళు పడితే సలసల మరుగుతుంది. పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి. సున్నం కంట్లో పడితే వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడగండి. ఆస్పత్రికి వెళ్ళండి.

సిమెంటు రేకుల మీద కాలు పెట్టకండి. అవి పగిలి కింద పడతారు. పని తెలిసినవాళ్ళతో వేయించండి.

2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల కోసం ఒక విధానం ప్రకటించింది. ప్రభుత్వ కట్టడాలకు, పెద్ద ఇళ్ళకు ఇలాంటి కప్పు ఉండాలని అందులో చెప్పింది. చిన్న ఇళ్ళకు తప్పనిసరి కాదు. కానీ వేడితో ఎక్కువ బాధపడేది చిన్న ఇళ్ళలో ఉండే మనమే. కూలర్ కొనాలంటే వేలు కావాలి. నెలనెలా కరెంటు బిల్లు కట్టాలి. సున్నానికి ఆ బాధ లేదు. ఇంట్లో 2, 3 డిగ్రీలు తగ్గినా కంటికి కునుకు పడుతుంది.

చేసి చూడండి

డాబాలో ఒక మూల సున్నం వెయ్యండి. ఆరాక, మిట్టమధ్యాహ్నం అక్కడ చెయ్యి పెట్టండి. సున్నం లేనిచోట కూడా పెట్టండి. ఏది ఎక్కువ కాలింది? ఇరుగుపొరుగుకు చూపించండి.