మీకు తెలుసా? బెణికిన కాలికి మళ్లీ నేర్పాలి

• బోధన్ చెరకు తోటల గట్ల మీదో, నిజామాబాద్ కబడ్డీ కోర్టులోనో బెణికిన చీలమండ, వాపు తగ్గాక కూడా నెలల తరబడి పదేపదే మడతపడుతుంటే అది దీర్ఘకాలిక అస్థిరత కావచ్చు.

• లిగమెంటు సాగడం ఒక్కటే కారణం కాదు. పాదం ఎటు ఒరుగుతోందో మెదడుకు చెప్పే నాడులూ మందగిస్తాయి. బ్రిటన్ వైద్యుడు ఫ్రీమన్ 1965లోనే ఈ సంగతి చెప్పారు.

• గోడ పక్కన ఒంటికాలిపై నిలబడి చూడండి. పట్టు కోసం పాదం సన్నగా వణుకుతుంది. సాధన అక్కడే మొదలు. తర్వాత కళ్లు మూసుకుని, ఆపై మెత్తటి దిండు మీద.

• రబ్బరు బ్యాండుతో చీలమండ బయటివైపు కండరాలకు బలం పెంచాలి. తొక్కుడుబిళ్లలోలాంటి ఒంటికాలి గెంతులు, మలుపుల పరుగు చివర్లోనే.

• కొత్తగా బెణికినప్పుడు నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి.

• నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో ఆటకు దూరమై, 2022లో ప్రపంచ చాంపియన్ అయ్యారు. చీలమండకూ ఆ ఓపికే కావాలి. తొందరపడి మైదానంలోకి దిగకండి.