ముడతలకూ మడమలకూ ఒకే సూది

మా మదరసాలో అలిఫ్, బే నేర్చుకునే పిల్లలలో ఒకడు మునివేళ్ళపైనే నడిచేవాడు. పుట్టుకనాడు మెదడుకు కలిగిన దెబ్బవల్ల పిక్కలు బిగుసుకుపోయి, మడమ నేలకు ఆనేది కాదు. కర్నూలు వైద్యులు చూచి, పిక్కలకు బోటాక్స్ సూది వేయించి వ్యాయామం చేయిస్తే నడక మెరుగుపడగలదన్నారు. మిరపకోతలకు గుంటూరు వలసవెళ్ళిన తల్లి, కోసిగికి తిరిగివచ్చిన వారంలోనే నా వద్దకు వచ్చింది. "హజ్రత్, అది పందినుంచి తీసే విషమంట, హరామంట. నిజమేనా?" అని అడిగింది. "విచారించి చెబుతానమ్మా" అన్నాను. ఆ విచారణకు నాలుగు నెలలు తీసుకున్నాను. తప్పు నాదే. ఈ వ్యాసానికి అదే కారణం.

ఆ మందుకు మూలం పంది కాదు. మట్టిలో నివసించే క్లోస్ట్రీడియం బొటులినం అనే సూక్ష్మజీవి. మానవుడు ఎరిగిన విషాలలో దాని విషం అత్యంత తీవ్రమైనది. 1820ల నాటికే జర్మనీ వైద్యుడు జస్టినస్ కెర్నర్, చెడిపోయిన సాసేజ్‌లు తిని జబ్బుపడినవారిని పరిశీలించి దాని లక్షణాలను వర్ణించాడు. లాటిన్‌లో 'బొటులస్' అంటే సాసేజే. పంది మాట బహుశా అక్కడినుండే పుట్టి ఉంటుంది.

నరం కండరానికి తన ఆజ్ఞను అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా పంపుతుంది. ఈ విషం ఆ రసాయనాన్ని వెలువడనీయదు, కండరం సడలుతుంది. అతిస్వల్ప మోతాదులో, ఎంచిన కండరంలోనికే ఎక్కిస్తే అదే ఔషధం. దాని ప్రభావం సుమారు మూడు నాలుగు నెలలు నిలుస్తుంది, తరువాత నరం తన పని తాను చేసుకుంటుంది. 1970ల చివరలో శాన్‌ఫ్రాన్సిస్కో నేత్రవైద్యుడు అలన్ స్కాట్ మెల్లకన్నుకు దీనిని మనుషులపై ప్రయోగించాడు. 1989లో మెల్లకన్నుకూ, రెప్పలు తమంతట తాము బిగుసుకుపోయే వ్యాధికీ అమెరికాలో అనుమతి లభించింది. మెడ వంకరపోవడం, పక్షవాతం తరువాతి బిగుతు, తీవ్రమైన మైగ్రేన్, ఇలా ప్రయోజనాలు పెరిగాయి. ఇప్పుడు హైదరాబాదు పెద్దాసుపత్రులలోనూ ఇది అలవాటైన చికిత్స.

ముడతల సంగతి తరువాతిది. కెనడాలో జీన్ కరూథర్స్ అనే నేత్రవైద్యురాలు, రెప్పల జబ్బుకు సూది వేయించుకున్నవారి కనుబొమల మధ్య గీతలు మాయమవడం గమనించింది. 2002లో అమెరికా అందుకూ అనుమతినిచ్చింది. నేడు జనం నోట నానుతున్నది ఆ ఉపయోగమే. నికాహ్‌కు ముందు సూది వేయించవచ్చునా అని అడిగేవారు మా వంటి ఊళ్ళలోనూ ఉన్నారు.

సౌందర్యం కోసం అల్లాహ్ సృష్టిని మార్చుకునేవారిని దైవప్రవక్త (స) శపించినట్లు ఇబ్నె మస్‌ఊద్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఇది తాత్కాలికమే కదా, సృష్టిని మార్చడమెలా అవుతుందని వాదించే పండితులూ లేకపోలేదు. నా మనసు అటు మొగ్గదు. నలభై ఏళ్ళ ముఖం నలభై ఏళ్ళదిగానే ఉండనివ్వండి. సుర్మా, గోరింట మనకు చాలు. పైగా అనుభవం లేని చేతిలో కనురెప్ప వాలిపోవచ్చు. మందు ఇతర కండరాలకు వ్యాపిస్తే మ్రింగడం, ఊపిరి తీయడం కూడా కష్టం కావచ్చు.

వ్యాధి విషయం వేరు. అర్ఫజా (రజి) అనే సహచరుడు యుద్ధంలో ముక్కు కోల్పోయి వెండి ముక్కు పెట్టించుకున్నారు. అది దుర్వాసన కొట్టగా, పురుషులకు నిషిద్ధమైన బంగారంతోనే చేయించుకోమని ప్రవక్త (స) ఆదేశించారు. అబూదావూద్, తిర్మిజీలలో ఇది ఉంది. మలేషియా జాతీయ ఫత్వా మండలి 2006లో బోటాక్స్‌ను నిషిద్ధమని ప్రకటించినప్పుడు కూడా, వైద్యనిపుణులు అవసరమన్న రోగులకు సడలింపునిచ్చింది. ఈ రెండూ చదివిన వేకువనే ఆ తల్లి ఇంటికి వెళ్ళి, "వేయించమ్మా, ఆలస్యం నావల్ల జరిగింది" అన్నాను.

సూది పడింది. సూదితోనే పని తీరదు. రోజూ ఉదయం పాఠానికి ముందు తల్లి వాడి పాదాన్ని పైకి వంచి పట్టుకుంటుంది, వాడు అరబీలో ముప్పై లెక్కపెడతాడు. కుడి మడమ ఆనుతోంది, ఎడమది ఇంకా పూర్తిగా లేదు. కండరం కురచబడకముందే వచ్చి ఉంటే మరింత మేలయ్యేదని వైద్యులు చెప్పారట. ఆ మాట తల్లి నాకు చెప్పలేదు. పిల్లవాడే చెప్పాడు.