విరాళం బటన్ పనిచేయని రోజు

ప్రతి ఏటా ఈ సంచిక చివర ఇచ్చే జమాఖర్చుల పట్టికలో 'వెబ్‌సైట్ నిర్వహణ' అనే చిన్న పద్దు ఒకటి ఉంటుంది. ఉపకార వేతనాలు, పుస్తకాలు, వైద్య సాయం వంటి పద్దుల మధ్య అది ఎవరి కంటా పడదు. పడినప్పుడు మాత్రం "ఒకసారి తయారు చేయించాక మళ్లీ దీనికి ఖర్చేమిటి?" అని దాతలు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. జవాబుగా 2020 ఆగస్టులో మా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటును, దాన్ని సరిచేసుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాము. సొంత దుకాణానికో, పాఠశాలకో వెబ్‌సైట్ ఉన్నవారికి కూడా ఇది పనికి వస్తుంది.

మా వెబ్‌సైట్ వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. 2003లో మ్యాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు దీన్ని మొదలుపెట్టారు. నేడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా దీని మీదే నడుస్తున్నాయి. అయితే అది ఇచ్చేది గోడలు, పైకప్పు మాత్రమే అనుకోండి. విరాళం ఫారం, ఫొటోల వరుస, రసీదు మెయిల్, భద్రతా తాళం అన్నీ విడిగా తెచ్చి బిగించుకోవాలి. అలా బిగించే చిన్న ప్రోగ్రాములే ప్లగిన్లు. ఒక్కొక్కటి ఒక్కొక్కరు రాసినది. ఒకరు రాసింది మరొకరు చూసి ఉండరు. బడిలో టైంటేబుల్ వేసేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. లెక్కల మాస్టారు మంచివారే, సైన్సు మేడమూ మంచివారే. ఇద్దరికీ మూడో పీరియడ్‌లో ఒకే గది రాసిపెడితే మాత్రం గొడవ తప్పదు.

ఆ ఏడాది ఆగస్టు 11న వర్డ్‌ప్రెస్ 5.5 విడుదలైంది. కొద్ది రోజులకు ఒక సాయంత్రం మేమే 'అప్‌డేట్' నొక్కాము. మొదటి పేజీ తెరిచి చూశాము, బాగానే ఉంది, పడుకున్నాము. మర్నాడు ఉదయం ఒక దాత ఫోన్ చేశారు. "సార్, సబ్మిట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. నాలుగుసార్లు నొక్కాను. డబ్బు పోయిందా, పోలేదా?"

అవి కరోనా రోజులు. ఆఫీసుకు వచ్చి రసీదు రాయించుకునే వీలు లేదు. ఇంటర్ పిల్లల ఫీజులకు ఆ ఫారం ద్వారా వచ్చే సొమ్మే ఆధారం. ఖాతా చూస్తే ఒక్క రూపాయీ రాలేదు. ఆయన ఖాతా నుంచి పోనూ లేదు. అదొక్కటే ఊరట.

ఇక మా పొరపాటు. ఫారం పనిచేయడం లేదు కాబట్టి తప్పు ఫారందే అనుకున్నాము. ఆ ప్లగిన్‌ను డిలీట్ చేసి మళ్లీ పెట్టాము. డీయాక్టివేట్ చేయడం వేరు, డిలీట్ చేయడం వేరు. మొదటిది స్విచ్ ఆర్పడం, రెండోది హోల్డర్‌తో సహా పీకేయడం. కొన్ని ప్లగిన్లు డిలీట్ చేసినప్పుడు తమ సెట్టింగులన్నీ తుడిచేసుకుని పోతాయి. మేము ఎంతో శ్రమపడి కూర్చిన రసీదు నమూనా అలా పోయింది. బటన్ మాత్రం అలాగే మొరాయించింది. పాత బ్యాకప్ ఒకటి దొరికింది కాబట్టి నమూనాను తిరిగి తెచ్చుకోగలిగాము.

అప్పుడు గానీ బుద్ధిగా కూర్చోలేదు. మొదట విరాళం పేజీలో ఫారం తీసి, బ్యాంకు ఖాతా వివరాలు, ఫోన్ నంబరు పెట్టాము. పనిచేయని ఫారం కంటే లేని ఫారం మేలు. తర్వాత వెబ్‌సైట్‌కు పూర్తి బ్యాకప్ తీశాము. ఫైళ్లు, డేటాబేస్ రెండూ ఉంటేనే అది బ్యాకప్. చాలామంది ఒక్క ఫైళ్లే తీసి ధైర్యంగా ఉంటారు. పిమ్మట ఒక నకలు వెబ్‌సైట్ తయారుచేసి, ఫారాన్ని అసలు డబ్బు కదలని పరీక్షా పద్ధతిలో ఉంచి, ప్రయోగాలన్నీ దాని మీదే చేశాము. నకలుకు వీలు లేనివారికి 'హెల్త్ చెక్ అండ్ ట్రబుల్‌షూటింగ్' అనే ఉచిత ప్లగిన్ ఉంది. అది ప్లగిన్లను లాగిన్ అయిన మనకు మాత్రమే ఆర్పి చూపిస్తుంది. మిగతా సందర్శకులకు సైట్ మామూలుగానే కనిపిస్తుంది.

ఇంట్లో మెయిన్ పదేపదే ట్రిప్ అవుతుంటే ఎలక్ట్రీషియన్ ఏం చేస్తాడు? అన్నీ ఆర్పి, కొన్ని కొన్ని వేస్తూ వస్తాడు. మేమూ అదే చేశాము. మా సైట్‌లో మొత్తం 16 ప్లగిన్లు. విరాళం ఫారం ఒక్కటి ఉంచి మిగతా 15 ఆర్పితే బటన్ చక్కగా పనిచేసింది. అంటే ఫారం నిర్దోషి. 15లో 8 వెలిగించాము, పనిచేసింది. అవి ఆర్పి మిగిలిన 7 వెలిగించాము. అప్పుడూ పనిచేసింది! అన్నీ కలిపి వెలిగిస్తే మళ్లీ మొరాయింపు.

ఇక్కడే చాలామంది విసిగి వదిలేస్తారు. తప్పు చేసింది ఒకటి కాదు, ఒకటి ఈ సగంలో, ఇంకొకటి ఆ సగంలో ఉన్న జత అని దీని అర్థం. 15 ప్లగిన్లలో 105 జతలు పడతాయి. జత జతగా చూస్తే తెల్లవారిపోతుంది. అందుకని ఆ 8 వెలిగించే ఉంచి, 7లోంచి నాలుగు, రెండు, ఒకటి చొప్పున తగ్గిస్తూ చూశాము. ఒకటి దొరికింది. దాన్ని వెలిగించి ఉంచి, 8ని నాలుగు, రెండు, ఒకటిగా తగ్గించాము. రెండోదీ దొరికింది. మొత్తం పనికి ఒక సాయంత్రం పట్టింది. ప్రతి మార్పు తర్వాత కాష్ ఖాళీ చేయాలి, పేజీని బ్రౌజర్ ప్రైవేట్ విండోలో తెరవాలి. లేకుంటే కంప్యూటర్ దాచుకున్న పాత పేజీనే చూసి మోసపోతాము. వీటితో తేలకపోతే థీమ్‌ను కూడా మార్చి, వర్డ్‌ప్రెస్ తనతో ఇచ్చే థీమ్ పెట్టి చూడాలి.

దొరికినవి ఏమిటంటే, మొదటి పేజీలో ఫొటోలు జరిపే పాత ప్లగిన్ ఒకటి, పేజీలు వేగంగా తెరుచుకోవడానికి స్క్రిప్టులన్నీ ఒకే ఫైలుగా కుట్టే ప్లగిన్ ఒకటి. కారణం ఇది. 2006లో జాన్ రెసిగ్ విడుదల చేసిన జేక్వెరీ అనే స్క్రిప్టు లైబ్రరీని ఎన్నో ప్లగిన్లు వాడుకుంటాయి. దాని కొత్త రూపాలు కొన్ని పాత ఆదేశాలను వదిలేశాయి. పాత ప్లగిన్లు ఇబ్బంది పడకుండా వర్డ్‌ప్రెస్ మధ్యలో 'జేక్వెరీ మైగ్రేట్' అనే దుబాసిని ఉంచింది. 5.5లో ఆ దుబాసిని తీసేశారు. ఏళ్లుగా ఎవరూ సవరించని మా ఫొటోల ప్లగిన్ పాత మాటే మాట్లాడి ఆగిపోయింది. విడిగా ఉంటే ఫొటోలు మాత్రమే కదలకుండా ఉండేవి. కానీ అన్నీ ఒకే ఫైలుగా కుట్టినందువల్ల, ఆ ఫైలు మధ్యలో ఆగేసరికి దాని వెనుక ఉన్న విరాళం ఫారం స్క్రిప్టు నడవనే లేదు.

నిజానికి బ్రౌజర్‌లో ఎఫ్ 12 నొక్కి 'కన్సోల్' చూసి ఉంటే ఎర్ర అక్షరాల్లో కొంత ఆచూకీ ముందే దొరికేది. మాకు అది అప్పటికి తెలియదు. ఆ సమయంలో వర్డ్‌ప్రెస్ వారే దుబాసిని తాత్కాలికంగా తిరిగి తెచ్చే చిన్న ప్లగిన్ ఇచ్చారు. దాన్ని పెట్టి రెండు రోజులు గడిపి, తర్వాత ఫొటోల ప్లగిన్‌ను తీసేశాము. అదే డిసెంబరులో వచ్చిన 5.6లో జేక్వెరీనే కొత్తదిగా మార్చారు. కాబట్టి తాత్కాలిక మందును నమ్ముకుని ఉంటే మళ్లీ అదే తంటా వచ్చేది. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడమూ అలాంటిదే. భద్రతా లోపాలు ఉండిపోతాయి గనుక రోజుల లెక్కన తప్ప నెలల లెక్కన అలా ఉంచరాదు.

పేజీ మొత్తం తెల్లగా అయిపోయి లోపలికి కూడా వెళ్లలేని స్థితి వేరు. అది సాధారణంగా సర్వర్‌లోని పీహెచ్‌పీ ప్రోగ్రాము ఆగిపోవడం వల్ల వస్తుంది. 2019లో వచ్చిన 5.2 నుంచి వర్డ్‌ప్రెస్ ఇలాంటప్పుడు నిర్వాహకుని ఈమెయిల్‌కు రికవరీ లింకు పంపుతుంది. మా సైట్‌లో ఆ ఈమెయిల్ ఎవరిదో చూస్తే, కమిటీ నుంచి ఎప్పుడో తప్పుకున్న ఒక మిత్రునిది! ఆ రోజే మార్చాము. మీ సైట్‌లోనూ చూసుకోండి. లింకు రాకపోతే హోస్టింగ్ వారి ఫైల్ మేనేజర్‌లో 'ప్లగిన్స్' ఫోల్డర్ పేరు మార్చితే అన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. లోపలికి వెళ్లి ప్లగిన్ల పేజీ ఒకసారి తెరిచి, పేరు మళ్లీ సరిచేసి, ఒక్కొక్కటే వెలిగించుకోవచ్చు. సెట్టింగులు డేటాబేస్‌లో ఉంటాయి కనుక ఇలా చేస్తే చెరగవు.

ఇప్పుడు ప్రతి అప్‌డేట్ ముందుగా నకలు సైట్ మీద నడుస్తుంది. తర్వాత అసలు సైట్‌లో మేమే పది రూపాయలు విరాళం ఇచ్చి, డబ్బు ఖాతాలో పడిందా, రసీదు మెయిల్ వచ్చిందా అని రెండూ చూస్తాము. బటన్ పనిచేయకపోతే దాత ఫోన్ చేస్తారు. డబ్బు వెళ్లి రసీదు రాకపోతే కొందరు మొహమాటపడి అడగరు. మాకు ఎక్కువ భయం దానిదే. నకలు సైట్ అద్దె, ప్లగిన్ల ఏటా చందా, బ్యాకప్ స్థలం, ఇవే ఆ చిన్న పద్దులో ఉన్నవి.

దాతలకు ఒక మనవి. ఫారం మొరాయిస్తే రెండోసారి నొక్కకండి. మీ ఖాతా చూసుకుని, ఎన్ని గంటలకు ప్రయత్నించారో, ఏ ఫోన్‌లోనో మాకు చెప్పండి. ఆఫీసులో హాజరు పట్టీ లాంటి రిజిస్టరు ఒకటి పెట్టాము. ప్లగిన్ పేరు, ఎందుకు పెట్టాము, చివరి అప్‌డేట్ తేదీ, ఎవరు చేశారు అన్నీ అందులో ఉంటాయి. అందులో ఫొటోల ప్లగిన్ వరుసను ఎర్ర సిరాతో కొట్టివేశాము. బహుమతుల సభ ఫొటోలు మళ్లీ ఎప్పుడు కదులుతాయని కమిటీ పెద్దలు ఒకరు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.