ఫొటో సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు ‘రాష్ట్రం’ అని కొట్టి చూడండి

వార్షికోత్సవం, ఆగస్టు 15, బడి పత్రిక... ఏది వచ్చినా ఫొటోలు సరిచేసి పోస్టరు తయారుచేసే పని ఏదో ఒక టీచరు మీదో, పెద్ద తరగతుల పిల్లల మీదో పడుతోంది. ‘ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?’ అనే ప్రశ్నకు దొరికే సలహాలు ఎక్కువగా ధర గురించి, హంగుల గురించి ఉంటాయి. హోసూరు, బళ్లారి, బరంపురం, సోలాపూర్, యానాంలలోని మన పిల్లల కోసం అంతకంటే ముందు మనం చూసుకోవలసింది ఒకటుంది. అందులో తెలుగు సరిగా వస్తుందా?

ఇంగ్లిషు అక్షరాలు పక్కపక్కన కూర్చుంటే చాలు. మన అక్షరానికి గుడి పైన ఎక్కాలి, ఒత్తు కింద దిగాలి. ఆ కూర్పు తెలియని సాఫ్ట్‌వేర్‌లో ‘రాష్ట్రం’ అని కొడితే ఒత్తులు విడిపోయి పొల్లులు మిగులుతాయి. వీధిలో తెలుగు బోర్డు అరుదుగా కనిపించే ఊళ్లలో బడి గోడ మీది పోస్టరు కూడా పాఠమే. అక్కడ విరిగిన అక్షరం ఉంటే పిల్లలు అదే ఒప్పు అనుకుంటారు. అందుకే స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, ఉత్తీర్ణత అనే నాలుగు మాటలు టైపు చేసి చూశాకే ఏదైనా ఎంచుకోండి అంటాం.

వెలుతురు సరిచేయడం, వంకర తీయడం, అంచులు కత్తిరించడం వరకే అయితే ఫోనులో స్నాప్‌సీడ్ చాలు. ఉచితం, తేలిక.

పోస్టర్లు, పత్రిక అట్టలు చేయాలంటే జింప్ మంచిది. 1996 నుంచి అందరికీ అందుబాటులో ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, లైనక్స్, మాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది. యూనికోడ్ తెలుగును చక్కగా కూర్చుతుంది. మొదటి వారం కాస్త తికమకగా ఉంటుంది, తర్వాత చేయి తిరుగుతుంది.

ప్రెస్సువాళ్లు ఇచ్చిన ఫొటోషాప్ ఫైలు తెరవాలంటే ఫొటోపీ ఉంది. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

ఫొటోషాప్ శక్తిమంతమైనదే. కానీ 2013 నుంచి దాని కొత్త వెర్షన్లకు చందా కట్టాల్సిందే. నేర్చుకునే దశలో ఆ ఖర్చు అవసరం లేదు. ఇప్పటికే ఉన్నవారు తెలుగు విరిగిపోతుంటే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఎంపిక ఉందేమో చూడండి.

ఫాంటు సంగతీ ముఖ్యమే. డీటీపీ సెంటర్లలో వాడే పాత పద్ధతి ఫాంట్లతో కొట్టిన మాటలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. మండలి, రామభద్ర, సురన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటినే అలవాటు చేద్దాం.

చివరగా మూడు జాగ్రత్తలు. అసలు ఫొటోను ఎప్పుడూ దిద్దకండి, నకలు తీసుకుని దాని మీదే పనిచేయండి. అచ్చుకు పంపే ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది. పిల్లల ముఖాలున్న ఫొటో బయట పెట్టే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి.

పోస్టరు అచ్చుకు వెళ్లేముందు తెలుగు మాస్టారికో టీచరమ్మకో ఒకసారి చూపించండి. రంగు కాస్త అటూఇటూ అయినా ఫరవాలేదు, అక్షరం మాత్రం తప్పకూడదు.