పోస్టుమ్యాన్ చూడని పోస్టల్ ఓటు

ఇంటి నుంచే ఓటేసి పోస్టు చేసే రోజు వస్తే, మీరు మీరేనని సంతకం పెట్టేదెవరు?

‘అమెరికాలో లాగా మనమూ ఇంట్లో ఓటేసి పోస్టు డబ్బాలో పడేస్తే పోలా? కవర్ స్టోరీ. గురువారానికి కావాలి’ అన్నారు ఎడిటర్. వరసలో నిలబడి వేలికి సిరా పూయించుకోవడం ముచ్చటగా ఉండే మనిషిని నేను. అనుమానంతోనే మొదలుపెట్టి, ఒక్క కాగితం దగ్గర ఆగిపోయాను. అది మన పోస్టల్ బ్యాలెట్‌తో వచ్చే ఫారం 13ఎ.

ఫలానా నంబరు బ్యాలెట్ నాకే ఇచ్చారని ఓటరు అందులో సంతకం పెడతాడు. కింద ఒక అధికారి, ‘ఈయన నా ఎదుటే సంతకం చేశారు, నాకు స్వయంగా తెలుసు’ అని ధ్రువీకరించాలి. తెలియకపోతే, తనకు తెలిసిన ఇంకొకరు ఓటరును గుర్తుపట్టాలి. ఓటేసిన బ్యాలెట్ 13బి కవరులోకి, ఆ కవరూ ఈ కాగితమూ కలిపి 13సి కవరులోకి వెళ్తాయి. లెక్కింపులో ముందు చూసేది 13ఎనే. సంతకమో ధ్రువీకరణో లేకున్నా, నంబరు కలవకున్నా లోపలి కవరు విప్పరు. ఓటు ఎవరికి పడిందో తెలియకుండానే పక్కకు పోతుంది.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో 5 లక్షలకు పైగా పోస్టల్ ఓట్లు పడ్డాయి. కొన్ని ఫారాల్లో అధికారి సంతకం ఉంది గానీ సీలు లేదు, పేరూ హోదా లేవు. సంతకం ఉంటే చాలంది ఎన్నికల సంఘం. కుదరదంటూ వైసీపీ హైకోర్టుకెక్కింది. జూన్ 1న పిటిషన్ కొట్టేశారు. 3న సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోనంది. తెల్లారితే లెక్కింపు. ఆ ఓట్లలో ఎక్కువ ఎవరివి? ఎన్నికలు నడిపే ఉద్యోగులవే! రూల్సు చేతిలో ఉన్నవాళ్ల ఓటుకే సీలు గండం వస్తే, పాలమూరు నుంచి ముంబై వెళ్లిన తాపీ కూలీకి ‘స్వయంగా తెలిసిన’ అధికారి ఎక్కడ దొరుకుతాడు?

ఇంకో విచిత్రం. 2023లో నిబంధన మార్చి, ఎన్నికల డ్యూటీ ఉద్యోగులు తమ కోసం పెట్టే ఫెసిలిటేషన్ సెంటర్లోనే ఓటేసి అక్కడే ఇచ్చేయాలన్నారు. బ్యాలెట్ రోజుల తరబడి ఇంట్లో ఉంటే ఒత్తిళ్లు, ప్రలోభాలు తప్పవని భయం. ఊళ్లో ఓటుకు నోటు పంచడం చూసినవాణ్ని, ఆ భయం ఉత్తదనలేను.

చరిత్ర రెండు ముక్కల్లో: 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని సెక్షన్ 60తో పోస్టల్ ఓటు వెసులుబాటు. 2016 నుంచి సైనికులకు బ్యాలెట్ ఎలక్ట్రానిక్‌గా వెళ్లి, పోస్టులో తిరిగొస్తోంది. ఎన్నారైలకూ ఇద్దామని 2020లో సంఘం కేంద్రానికి రాసింది.

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 2000లో అధ్యక్ష ఎన్నికను మొత్తం పోస్టులోనే జరిపింది. అక్కడ అధికారి సాక్ష్యం అక్కర్లేదు. కవరు మీది సంతకాన్ని రికార్డులో ఉన్నదానితో పోలుస్తారు. తేడా కనిపిస్తే ఓటరుకు కబురుపెట్టి సరిదిద్దుకోమంటారు. మన 13ఎలో తప్పు బయటపడేది లెక్కింపు బల్ల మీద. అప్పుడిక ఎవరికి కబురు పెట్టినా లాభం లేదు.

బాక్సు: గుమ్మంలోకి ఓటు
85 దాటినవారు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారు ఫారం 12డి ఇస్తే సిబ్బంది ఇంటికే వస్తారు, వీడియో తీస్తారు. ఓటు రహస్యం కాబట్టి అప్పుడు కెమెరా పక్కకు తిరగాలి. ఇదీ లెక్కల్లో పోస్టల్ బ్యాలెట్టే.