సారథి చదువు

మహాభారతమున నలోపాఖ్యానమునందు ఒక చిన్న ఘట్టము కలదు. బాహుకుడను మారుపేరుతో నున్న నలుడు ఋతుపర్ణ మహారాజును రథముపై విదర్భకు గొనిపోవుచుండెను. దారిలో రాజుగారి ఉత్తరీయము జారి నేలబడెను. రథము నాపి దానిని తెచ్చుకొందమని రాజు పలికెను. అది యప్పటికే ఆమడ దూరము వెనుకబడినదని సారథి బదులు చెప్పెను. ఒక్క మాట పలుకునంతలో వేగము ఎంత దారిని మ్రింగునో ఈ కథ తెలుపుచున్నది.

నేటి రహదారిపై ఈ సత్యమును లెక్కవేసి చూడవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. అడ్డము వచ్చిన బాలుని చూచి చోదకుడు బ్రేకుపై కాలు మోపుటకు ఒక్క సెకను పట్టినను, ఆ పదునేడు మీటర్లును గడచియే పోవును. బండి నిలుచుట అటుపిమ్మటి మాట. వేగము రెట్టింపైనచో, బ్రేకు పడిన పిదప బండి నిలుచుటకు వలయు దూరము నాలుగు రెట్లగును. పదవ తరగతి విద్యార్థికి అందని లెక్క కాదిది. అయినను బండి నడుపుట నేర్పువారిలో దీనిని నేర్పువారెందరు?

2022 లో మన దేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్పుచున్నది. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా అతివేగమునకు బలియైనవారే. వేగము పెంచుట యెల్లరకును తెలియును. ఎచ్చట తగ్గింపవలెనో తెలియుటయే విద్య.

చేతి నేర్పు ఒక్కటియే చాలదు. మంచుబాటలపై జారు బండిని అదుపు చేయు విద్యను నార్వేలో నిర్బంధముగ నేర్పగా, అట్టి బాటలపై యువకుల ప్రమాదములు తగ్గకపోగా హెచ్చెనని 1980 దశకమున పరిశోధకులు గుర్తించిరి. నేర్పుతోపాటు అతివిశ్వాసమును పెరిగెనన్నమాట.

బ్రిటనులో 1935 నుండి చోదక పరీక్ష నిర్బంధమైనది. 2002 లో దానికొక క్రొత్త భాగము చేర్చిరి. అభ్యర్థి తెరపై కదలు రహదారి దృశ్యములను చూచుచు, అపాయము రూపుగట్టు క్షణమును గుర్తింపవలెను. ఎంత ముందు గుర్తించిన అన్ని ఎక్కువ మార్కులు. ఆగియున్న బస్సు చాటునుండి పిల్లవాడు పరుగెత్తి రావచ్చునని ముందే ఊహింపగల కంటికే అచ్చట విలువ.

మన దేశమున 1989 నాటి నియమావళి ప్రకారము, అభ్యాసకుని లైసెన్సు కనీసము 30 దినములు చేతనున్నగాని పరీక్షకు పోరాదు. ఆ ముప్పది దినములు వేచియుండుటకు గాదు, అభ్యసించుటకు. రాత్రి వేళ, వానలో, సంతనాటి రద్దీలో గురువు ప్రక్కన నుండగా బండి నడిపినవానికే అవి సార్థకములు.

నలుడు ఋతుపర్ణునకు నేర్పిన విద్య పేరు అశ్వహృదయము. పగ్గములు పట్టుట మాత్రమే కాదు, గుఱ్ఱము మనసు నెరుగుట దాని సారము. నేటి చోదకుడు ఎరుగవలసినది రహదారి హృదయము. ఆ పాఠమునకు మొదటి మెట్టు బడిలోనే పడవచ్చును. నల్లబల్లపై ఆ పదునేడు మీటర్ల లెక్క ఒక్కటి చాలును. జారిపోయిన ఉత్తరీయమునకు మారుగా మరియొకటి దొరకును. రెప్పపాటులో పోయిన ప్రాణమునకు మారు లేదు.