రక్షణకు నమ్మిక చాలునా, నీరు కావలెనా?

క్రైస్తవులు రక్షణ యనునది పాపమునుండి, దాని ఫలమైన మరణమునుండి విడుదల. అది విశ్వాసముచేతనే కలుగునా, బాప్తిస్మము కూడ కావలెనా యను ప్రశ్న వేదాంతపండితుల వాదములకే పరిమితమైనది కాదు. మన తీరమున ఇది ఒకప్పుడు ఇండ్లను చీల్చిన ప్రశ్న.

మార్కు సువార్త చివరి అధ్యాయమున, నమ్మి బాప్తిస్మము పొందినవానికి రక్షణయనియు, నమ్మనివానికి శిక్షయనియు ఉన్నది. శిక్షను గూర్చిన మాటలో బాప్తిస్మము ప్రసక్తి లేదు. సిలువపై యేసు ప్రక్కన ప్రాణము విడిచిన దొంగకు నీటి స్పర్శ లేకయే పరదైసు వాగ్దానమైనది. అయినను యోహాను సువార్త నీటి మూలముగను ఆత్మ మూలముగను క్రొత్తగా జన్మింపవలెనని చెప్పుచున్నది. అందుచేతనే సంఘములు వేరుపడినవి. రోమను కతోలికులు, ఆంగ్లికనులు పసిబిడ్డలకును బాప్తిస్మ మిత్తురు. బాప్తిస్టులు మాత్రము, నమ్మితినని తన నోట చెప్పగలవానినే నీట ముంచుదురు.

గిలకలదిండి రేవునకు చేరువనున్న బందరులో రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ దొర 1843లో పాఠశాల నెలకొల్పెను. నేటి నోబుల్ కళాశాలకు అదియే మూలము. అచ్చట బైబిలు పాఠములు వినిన పిల్లలలో కొందరికి లోలోపల నమ్మిక కుదిరినది. నమ్మిక మనసులో ఉన్నంతకాలము ఇంట అన్నమునకు, పంక్తిలో చోటునకు లోటు లేదు. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం బాప్తిస్మము పొందగనే ఊరు అట్టుడికినది. పాఠశాల ఇంచుమించు ఖాళీ యయినది. విశ్వాసమును ఓర్చుకొనిన ఊరు దోసెడు నీటిని ఓర్వలేకపోయెను!

ఒంగోలులో దీనికి మారుదిశగా జరిగినది. 1876-78 నాటి కరవులో బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. వారిలో అనేకులు, విశేషించి మాదిగలు, బాప్తిస్మ మిమ్మని కోరిరి. కూటికొరకు నమ్ముచున్నారేమో యను శంకతో ఆయన ఏడాదికి పైగా ఎవరికిని ఇయ్యలేదు. కరవు పని ముగిసి, ఇక ఇచ్చుటకేమియు లేదని తెలిసిన పిమ్మటకూడ వారు వచ్చిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది మునిగిరి. ఇచ్చట నమ్మికను పరీక్షించినది నీరు కాదు, నీటికై నిరీక్షణ.

ఇరువదవ శతాబ్దిలో మునిపల్లె కలగర సుబ్బారావు మూడవ త్రోవ తొక్కెను. 1942లో తనకు క్రీస్తు దర్శనమైనదని చెప్పిన ఆ ఉపాధ్యాయుడు క్రీస్తును జీవితాంతము కొలిచి, కీర్తనలు వ్రాసి, బాప్తిస్మమును మాత్రము నిరాకరించెను. మతకర్మలు ఎవరివైనను కర్మలేయని ఆయన వాదము.

ఆ వాదమునకు బలము లేకపోలేదు. కాని సిలువమీది దొంగకు మిగిలిన ఆయువు కొన్ని గడియలే. ఇల్లు, కులము విడిచినవానికి బ్రతుకంతయు ముందున్నది. వానిని తమవాడని చేర్చుకొనువారు కావలెను. ఆ చేరికకు వాకిలి బాప్తిస్మము. రత్నం, భూషణం ఆ వాకిలి దాటిన పండ్రెండేండ్లకు, 1864లో, ఆంగ్లికను సంఘసేవకు అభిషిక్తులైరి.